జీవన ఎరువులు – చిక్కుడు జాతి పంటలు

చలికాలం ప్రవేశించినదంటే మన చిక్కడపల్లి, నారాయణగూడ కూరగాయల అంగళ్లలో చిక్కుడుకాయల రాశులు కనువిందు చేస్తాయి. గాంధీనగర్, అశోక్‌నగర్ వీధులలో తోపుడు బండ్లపైన కూడ వాటిదే పైచేయి. తెలుగువారి ఇంట ఇది చిక్కుడుకాయ కూర. ఉర్దూ మాట్లాడే ఇంట ఇదే సేమ్ కీ ఫలీ. గోరుచిక్కుడును అక్కడ గవార్ కీ ఫలీ అంటారు. రథసప్తమి నాడు చిక్కుడుకాయలతోనే చిన్న రథం కట్టి సూర్యునికి నివేదన చేసే ఆచారం అనేక కుటుంబాలలో నేటికీ ఉన్నది. పేర్లు వేరైనా, వంటలు వేరైనా తీగ ఒక్కటే. ఆ తీగ వేళ్లలో జరిగే ఒక విచిత్రమైన వ్యాపారాన్ని గురించి, ఆ వ్యాపారాన్ని పంట దిగుబడికి ఉపయోగించుకొనే విధానాన్ని గురించి ఈ వ్యాసంలో ముచ్చటించదలచినాము.

ఈ విషయం కేవలం విజ్ఞానశాస్త్ర కుతూహలం కోసం మాత్రమే కాదు. 2025వ సంవత్సరపు వానాకాలంలో తెలంగాణ పల్లెలలో యూరియా బస్తాల కోసం రైతులు తెల్లవారక ముందే బారులు తీరి నిలబడిన సంగతి పత్రికలు చదివేవారందరికీ తెలిసినదే. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. 45 కిలోల బస్తాలో ఉండేది సుమారు 20 కిలోల 700 గ్రాముల నత్రజని. దాని కోసమే ఇంత ఆరాటం. అదే నత్రజనిని చిక్కుడు, కంది, పెసర, మినుము, బొబ్బర, సోయాచిక్కుడు వంటి పంటలు చాలవరకు తామే సంపాదించుకొనగలవు. ఆ సంపాదనకు తోడ్పడేదే రైజోబియం అనే జీవన ఎరువు. అయితే దానిని నమ్మి పొట్లం కొన్న రైతుకు ఒకొకప్పుడు ఫలితం కనిపించదు. ఎందుకు కనిపించదో తెలిస్తేనే ఎప్పుడు కనిపిస్తుందో తెలుస్తుంది.

గాలిలోని నిధి

మనం పీల్చే గాలిలో ఘనపరిమాణం లెక్కన 78 శాతం నత్రజనియే. ఒక హెక్టారు నేలపైన నిలిచి ఉన్న గాలిలో సుమారు 78 వేల టన్నుల నత్రజని ఉన్నదని లెక్క తేలుతుంది. అయినా మొక్కకు దానిలో ఒక్క గ్రాము కూడ నేరుగా అందదు. ఇంటి నిండా ధాన్యం ఉండి, తాళంచెవి పోగొట్టుకొన్నవాని పరిస్థితి వంటిది ఇది. నత్రజని పరమాణువులు రెండు ఒకదానినొకటి మూడు బంధాలతో గట్టిగా పెనవేసుకొని ఉంటాయి. ఆ బంధాలను తెంచి, ఉదజనితో కలిపి అమ్మోనియాగా మార్చితే తప్ప మొక్క దానిని ఆహారంగా తీసుకొనలేదు.

ఈ పనిని మానవుడు 20వ శతాబ్దంలో సాధించినాడు. 1909లో జర్మనీ దేశపు ఫ్రిట్జ్ హేబర్ ప్రయోగశాలలో ఈ పద్ధతిని నిరూపించగా, కార్ల్ బాష్ కృషితో 1913లో ఓపావ్ అనే చోట కర్మాగారం పని ప్రారంభించినది. దీనికి 400 నుండి 500 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, సాధారణ వాతావరణ పీడనానికి వందల రెట్ల పీడనం కావలెను. అందుకై ఎంతో సహజవాయువును ఖర్చు చేయవలెను. యూరియా తయారీకి పునాది ఈ పద్ధతియే. కాని కంటికి కనిపించని ఒక సూక్ష్మజీవి అదే పనిని చిక్కుడు వేరులో, సాధారణమైన నేల వేడిమిలో, ఏ చప్పుడూ లేకుండ చేస్తున్నది.

వేరులో జరిగే వింత

చిక్కుడు విత్తనం మొలకెత్తి వేరు సాగగానే ఆ వేరు కొన్ని రసాయన పదార్థాలను మట్టిలోకి విడుదల చేస్తుంది. ఇది ఒక విధమైన పిలుపు. మట్టిలోని రైజోబియం జాతి బాక్టీరియా ఆ పిలుపును గుర్తించి, బదులుగా తన రసాయన సంకేతాన్ని పంపుతుంది. అప్పుడు సన్నని వేరు నూగు గొర్రెలకాపరి చేతికర్ర కొనవలె వంపు తిరిగి బాక్టీరియాను తనలో చుట్టుకొంటుంది. అక్కడి నుండి ఒక సన్నని నాళం గుండా బాక్టీరియా వేరు లోపలికి ప్రవేశిస్తుంది. లోపలి కణాలు వేగంగా విభజన చెంది చిన్న ఉండలుగా ఉబ్బుతాయి. వీటినే వేరుబుడిపెలు అంటారు.

ఈ బుడిపెలలో కుదిరిన ఒప్పందం చాల స్పష్టమైనది. ఆకులు సూర్యరశ్మితో తయారుచేసిన చక్కెరను మొక్క బాక్టీరియాకు ఇస్తుంది. బాక్టీరియా గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి మొక్కకు ఇస్తుంది. ఈ మార్పు జరిపించే ఎంజైము పేరు నైట్రోజినేజ్. ఇనుముతో పాటు స్వల్ప మాత్రంలో మాలిబ్డినం కూడ దీనిలో అంతర్భాగం. దీనికొక బలహీనత ఉన్నది. ప్రాణవాయువు తగిలితే అది చెడిపోతుంది. కాని బాక్టీరియా బ్రతకడానికి ప్రాణవాయువు కావలెను. ఈ చిక్కును విప్పడానికి బుడిపెలో లెగ్‌హీమోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం తయారవుతుంది. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు ఇది దగ్గరి చుట్టం. ప్రాణవాయువును పట్టి ఉంచి, కావలసినంత మాత్రమే బాక్టీరియాకు అందించడం దీని పని. జపాను శాస్త్రజ్ఞుడు హిడియో కుబో 1939లో దీనిని గుర్తించినాడు.

అందుచేత బుడిపెను గోటితో చీల్చి చూచినప్పుడు లోపల గులాబి లేక ఎరుపు రంగు కనిపిస్తే అది పనిచేస్తున్నదని అర్థం. తెల్లగా ఉంటే ఇంకా పరిపక్వం కాలేదనో, పనికిరాని రకమనో భావించవలెను. ఆకుపచ్చగా గాని గోధుమరంగుగా గాని ఉంటే దాని పని ముగిసినదన్న మాట. ఏ పరికరమూ అవసరం లేని పరీక్ష ఇది.

శాస్త్రం తెలిసిన క్రమం

పప్పుజాతి పంట వేసిన తరువాత నేల సారవంతమవుతుందని రోమను కాలపు రచయితలు వ్రాసి పెట్టినారు. మన దక్కను రైతు జొన్నలో కంది, అనుములు కలిపి చల్లుకొన్నది కూడ ఇటువంటి అనుభవంతోనే. అయితే కారణం తెలియడానికి 19వ శతాబ్దపు చివరి వరకు ఆగవలసి వచ్చినది. 1886లో జర్మనీకి చెందిన హెల్‌రీగెల్, విల్ఫార్త్ అనే శాస్త్రజ్ఞులు బుడిపెలు గల మొక్కలే గాలిలోని నత్రజనిని వాడుకొంటున్నవని ప్రకటించినారు. 1888లో హాలండు దేశపు బైజరింక్ బుడిపెలోని బాక్టీరియాను వేరుచేసి పెంచినాడు. పదేండ్లు గడవక ముందే యూరపులో ఆ బాక్టీరియా సంవర్ధనాలు విక్రయానికి వచ్చినవి.

మనదేశంలో ఈ విషయమై తొలి పరిశోధన 1920లో ఎన్.వి. జోషి జరిపినారని చెబుతారు. వాణిజ్య సరళిలో ఉత్పత్తి 1956 నుండి ప్రారంభమైనది. 1983లో కేంద్రప్రభుత్వం జీవన ఎరువుల అభివృద్ధికి ఘాజియాబాదు కేంద్రంగా ఒక జాతీయ పథకాన్ని నెలకొల్పినది. 2006లో జీవన ఎరువులు ఎరువుల నియంత్రణ ఉత్తరువు పరిధిలోకి వచ్చినవి. మన నగరానికి చేరువన పటాన్‌చెరులో 1972లో స్థాపితమైన అంతర్జాతీయ పరిశోధనాసంస్థ ఇక్రిశాట్ శనగ, కంది, వేరుశనగ పంటల వేరుబుడిపెలపై విస్తారంగా పనిచేసినది. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం, కృష్ణాతీరాన అమరావతిలోని వ్యవసాయ పరిశోధనాస్థానం కూడ ఈ రంగంలో పేరెన్నిక గన్నవి.

ఏ తాళానికి ఆ చెవి

రైజోబియం అని ఒక్క పేరుతో పిలిచినా అది ఒక్క జీవి కాదు. ఒక పంట పిలుపును గుర్తించిన బాక్టీరియా మరొక పంటను పట్టించుకొనకపోవచ్చును. చిక్కుడు, గోరుచిక్కుడు, బొబ్బర, పెసర, మినుము, కంది, వేరుశనగ ఒక పెద్ద కుటుంబం వంటివి. వీటికి సరిపడే బాక్టీరియాలు మన నేలలలో సహజంగా విస్తారంగానే ఉన్నవి. శనగకు వేరు బాక్టీరియా. బఠానికి వేరు. సోయాచిక్కుడుకు మరీ ప్రత్యేకమైన బాక్టీరియా కావలెను.

సోయాచిక్కుడు ఉదాహరణ మన రాష్ట్రానికి ముఖ్యమైనది. ఇది చైనా ప్రాంతం నుండి వచ్చిన పంట. దానికి జోడైన బాక్టీరియా మన నేలలలో స్వతహాగా లేదు. ఆదిలాబాదు ప్రాంతపు నల్లరేగడి నేలలలో ఈ పంట విస్తరించినది. సోయా ఎన్నడూ వేయని చేనులో తొలిసారి విత్తేటప్పుడు సరియైన కల్చర్ పట్టించకపోతే వేళ్లు బోడిగానే ఉంటాయి. ఆకులు పసుపు వన్నెకు తిరుగుతాయి. జీవన ఎరువు ప్రభావం అతి స్పష్టంగా కనిపించే సందర్భం ఇదే.

దీనికి పూర్తిగా భిన్నమైనది మనం బీన్స్ అని పిలిచే ఫ్రెంచి చిక్కుడు. పేరులో చిక్కుడు ఉన్నా, కూరలో రెండూ ఒకే విధంగా వండినా, వేరులో వాటి స్వభావం వేరు. ఫ్రెంచి చిక్కుడుకు, అదే జాతికి చెందిన రాజ్మాకు మన దేశపు పరిస్థితులలో బుడిపెలు సరిగా ఏర్పడవు. అందుచేత వాటికి తక్కిన పప్పుజాతి పంటలకంటె ఎన్నో రెట్లు ఎక్కువ నత్రజని ఎరువును శాస్త్రజ్ఞులు సిఫారసు చేస్తారు. కల్చర్ పొట్లం ఒక్కటే చాలునని బీన్స్ రైతుకు చెప్పడం అతనికి అన్యాయం చేయడమే అవుతుంది.

జాతి కలిసినంత మాత్రాన చాలదు; బాక్టీరియాలోని రకమూ, పంటలోని వంగడమూ కూడ కలవవలెను. ఇక్రిశాట్‌లో వేరుశనగపై జరిపిన ప్రయోగాలలో ఎన్.సి.92 అనే బాక్టీరియా రకం రాబట్ 33-1 అనే వంగడానికి మంచి దిగుబడిని ఇచ్చినది. మన రైతులు కదిరి-3 అని ఎరిగినది ఈ వంగడమే. ఒక చోట పనిచేసిన రకం అన్ని చోట్లా, అన్ని వంగడాలకూ పనిచేస్తుందని అనుకొనరాదని ఇటువంటి ప్రయోగాలు తెలియజేస్తున్నవి.

పొట్లంలో ఉన్నది ప్రాణం

యూరియా బస్తా గోదాములో ఏడాది పడి ఉన్నా, తడి తగలకుంటే, అందులోని నత్రజని ఎక్కడికీ పోదు. జీవన ఎరువు అటువంటిది కాదు. లిగ్నైటు వంటి మెత్తని పొడిలో కలిపి ప్యాకెట్లలో నింపినది సజీవమైన బాక్టీరియా. ప్రభుత్వ ప్రమాణం ప్రకారం ఒక గ్రాము పొడిలో కనీసం 5 కోట్ల సజీవ కణాలు ఉండవలెను. ద్రవరూపంలోనిదైతే ఒక మిల్లీలీటరులో కనీసం 10 కోట్లు ఉండవలెను. పొట్లంపై పంట పేరు, తయారైన తేదీ, వాడుకకు చివరి తేదీ ముద్రించి ఉంటాయి. ఈ మూడింటినీ చూడకుండ కొనడం కంటిమూసుకొని మందు మింగడం వంటిది.

ఇక్కడ మన వాతావరణం ఒక చిక్కు తెచ్చిపెడుతున్నది. వానాకాలపు విత్తులు మృగశిర కార్తెతో, అనగా జూను మాసంలో మొదలవుతాయి. కనుక పొట్లాలు కర్మాగారం నుండి జిల్లాకు, జిల్లా నుండి మండలానికి ప్రయాణం చేసేది మే నెలలో. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయని మన సామెత. రోళ్లు పగిలే ఎండలో రేకుల కప్పు క్రింద నిలువ ఉన్న బాక్టీరియా గతి ఏమవుతుందో ఊహించవచ్చును. పొట్లం చెక్కుచెదరదు, రంగు మారదు, బరువు తగ్గదు. లోపలి ప్రాణం మాత్రం పోతుంది. రైతు దానిని శ్రద్ధగా విత్తనానికి పట్టిస్తాడు. పంట కాలం గడచిన తరువాత జీవన ఎరువు వట్టి మాట అని విసుగుకొంటాడు. అతడు పట్టించినది నిజానికి బొగ్గుపొడి మాత్రమే. ఆయనను తప్పుపట్టడానికి వీలులేదు. చల్లని నిలువ సౌకర్యమే ఈ ఎరువుకు సగం బలం.

విత్తనానికి పట్టించే విధానం

పప్పుజాతి పంటల విషయంలో సాధారణంగా సూచించే పద్ధతి ఇది. 100 మిల్లీలీటర్ల నీటిలో 10 గ్రాముల పంచదార గాని బెల్లం గాని గంజిపొడి గాని కలిపి పది నిమిషాలు మరగబెట్టవలెను. దానిని పూర్తిగా చల్లార్చవలెను. వేడిగా ఉన్న ద్రవం బాక్టీరియాకు ప్రాణాంతకం. చల్లారిన ద్రవాన్ని 8 కిలోల విత్తనంపై చిలకరించి, 200 గ్రాముల కల్చర్ పొడిని చల్లి, ప్రతి గింజకూ పలుచని పొరగా అంటుకొనేటట్లు నెమ్మదిగా కలపవలెను. పిమ్మట నీడలో ఆరబెట్టి వెంటనే విత్తవలెను. ఎండలో ఆరబెట్టరాదు.

విత్తనానికి శిలీంధ్రనాశిని మందు కూడ పట్టించదలచినట్లయితే ముందుగా ఆ మందును పట్టించి, ఒక రోజు గడచిన తరువాత కల్చర్‌ను చివర పట్టించవలెను. రెండింటినీ ఒకే గిన్నెలో కలిపితే మందు బాక్టీరియాను కూడ చంపుతుంది.

పంటకు తొలి దశలో, బుడిపెలు ఏర్పడే లోపల, కొద్ది నత్రజని కావలెను. అందుకే ఎకరానికి 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం వేయడం పప్పుధాన్యాలకు వాడుకలో ఉన్న సిఫారసు. అంతకు మించి యూరియా చల్లితే లాభం లేకపోగా నష్టం. నత్రజని సులభంగా దొరుకుతున్నప్పుడు మొక్క చక్కెర ఖర్చుపెట్టి బాక్టీరియాను పోషించదు, బుడిపెలు తగ్గిపోతాయి. యూరియా, రైజోబియం రెండూ కలిపి దండిగా వాడితే రెండింతల పంట వస్తుందనే భావన సరికాదు.

భాస్వరం సంగతి వేరు. బుడిపెల పనికి భాస్వరం ఎంతో అవసరం. నేలలో భాస్వరం ఉన్నా అది కరగని రూపంలో బిగిసి ఉండడం సాధారణం. దానిని కరిగించే ఫాస్ఫో బాక్టీరియా అనే మరొక జీవన ఎరువును బాగా చివికిన పశువుల ఎరువుతో కలిపి నేలలో వేస్తారు. పశువుల ఎరువు లేని వట్టి చల్క నేలలో ఏ సూక్ష్మజీవికీ నిలువ నీడ ఉండదు.

ఎక్కడ ఫలిస్తుంది?

అనుకూలమైన చోట రైజోబియం వలన దిగుబడి 10 నుండి 30 శాతం వరకు పెరుగుతుందని వ్యవసాయ గ్రంథాలు చెబుతాయి. ఆ అనుకూలత ఎక్కడ ఉంటుందో గుర్తించడం అవసరం. ఆ పంట ఎన్నడూ పండించని నేలలో, చాల సంవత్సరాలుగా పప్పుజాతి పైరు వేయని నేలలో, వరి మడిగా నీరు నిలిచి ఉండిన నేలలో సరియైన బాక్టీరియా కొరతగా ఉంటుంది. అక్కడ కల్చర్ ఫలిస్తుంది. ఏటేటా చిక్కుడో కందో పండే చేనులో స్థానిక బాక్టీరియా లక్షలాదిగా కాపురం ఉంటుంది. క్రొత్తగా వచ్చిన రకం వాటితో పోటీపడి వేరును చేరవలెను. అక్కడ తేడా కొద్దిగానే కనిపించవచ్చును, కనిపించకనూ పోవచ్చును. ఆమ్లత్వం ఎక్కువైన నేలలోను, చవుడు నేలలోను, నీరు నిలిచిన నేలలోను బాక్టీరియా తట్టుకొనలేదు.

మరొక మాట. రైజోబియం వరికి గాని, మొక్కజొన్నకు గాని నేరుగా ఉపయోగపడదు. యూరియా బారులలో నిలిచినవారిలో అధికులు ఆ పంటల రైతులే. అయితే పప్పుజాతి పైరు కోసిన తరువాత వేళ్లు, ఆకులు నేలలో కలిసి చివికితే కొంత నత్రజని తరువాతి పంటకు మిగులుతుంది. పంటమార్పిడిలో చిక్కుడు జాతికి చోటిచ్చిన రైతు ఆ మేరకు బస్తా భారాన్ని తగ్గించుకొంటాడు. పొట్లం కంటె ముందు పంటమార్పిడియే మన పెద్దలు ఎరిగిన జీవన ఎరువు.

విద్యార్థులు చేయదగిన పరీక్ష

పొలాలు లేని మన పేటలలో ఈ విషయాలు పుస్తకానికే పరిమితం కానక్కరలేదు. మిద్దెపైన తొట్లలో చిక్కుడు తీగ పెంచే కుటుంబాలు గాంధీనగర్, అశోక్‌నగర్ పరిసరాలలో ఎన్నో ఉన్నవి. వృక్షశాస్త్ర విద్యార్థులు ఒకే మట్టితో ఆరు తొట్లు నింపవలెను. రెండింటిలో వట్టి విత్తనం, రెండింటిలో కల్చర్ పట్టించిన విత్తనం, మిగిలిన రెండింటిలో వట్టి విత్తనం వేసి యూరియా వాడవలెను. తొట్టికి రెండు మూడు మొక్కలుంచి, నీరు, ఎండ సమానంగా అందించవలెను. విత్తిన 40, 45 రోజులకు, పూత వచ్చే వేళ, ప్రతి తొట్టి నుండి ఒక మొక్కను మట్టి గడ్డతో సహా తీసి, నీటిలో నానబెట్టి, వేళ్లు తెగకుండ కడిగి చూడవలెను. గుంజి పీకితే బుడిపెలు మట్టిలోనే రాలిపోతాయి. బుడిపెలను లెక్కించి, కొన్నింటిని చీల్చి, ఎన్ని ఎర్రగా ఉన్నవో వ్రాసుకొనవలెను. మిగిలిన మొక్కల కాయలను చివరిదాక తూచి నమోదు చేయవలెను.

వట్టి విత్తనం వేసిన తొట్టిలో కూడ బుడిపెలు కనిపిస్తే నిరాశపడనవసరం లేదు. ఆ మట్టిలో స్థానిక బాక్టీరియా సమృద్ధిగా ఉన్నదని, ఆ మట్టికి పొట్లం అవసరం తక్కువని అది చెబుతున్నది. యూరియా వేసిన తొట్టిలో బుడిపెలు తగ్గితే, పైన వ్రాసిన సంగతి కంటికి కనిపించినట్లే. కల్చర్ పట్టించిన తొట్టి వట్టి తొట్టికంటె ఏ విధంగానూ మెరుగు కాకపోతే, పొట్లం మీది తేదీని, అది నిలువ ఉన్న చోటును మరొకసారి విచారించవలెను. ఏ ఫలితం వచ్చినా అది మన మట్టి ఇచ్చిన జవాబు. ఆ పట్టికను తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి ప్రయోగశాల గోడపై ఉంచినట్లయితే, సెలవులకు సొంత ఊళ్లకు వెళ్లే మన విద్యార్థులు దానిని తమ ఇంటి చేను గట్టు వరకు తీసుకొని పోగలరు. జూను విత్తులకు ముందు పొట్లం కొనే తండ్రికి తేదీ చదివి చెప్పే బిడ్డ ఒక్కడున్నా ఆ ఇంటికి ఒక పంటకాలపు మేలు జరిగినట్లే.